ఎల్ఫేజ్ రాన్‌కూర్ గ్లౌజులు

ఎల్ఫేజ్ రాన్‌కూర్ వస్తున్నాడంటే మా వెస్ట్ హార్లోలో కంటికన్నా ముందు ముక్కుకు తెలిసేది. కొట్టు తలుపుకున్న గంట పూర్తిగా మోగకముందే కౌంటర్ దగ్గరి మనిషి వెనక్కి తిరక్కుండానే ఆయన కప్పులో కాఫీ పొయ్యడం మొదలుపెట్టేవాడు. అదేమీ చెడ్డవాసన కాదు. కొత్త తోలూ, పొగాకూ, తడిసిన చెట్టుబెరడూ కలిపి ఏడాదిపాటు మూసిపెట్టిన పెట్టెను ఒక్కసారి తెరిస్తే ఎలా ఉంటుందో అలా ఉండేది. బయట, గాలిలో, బాగానే ఉండేది కూడా. చలికాలం సెయింట్ రోష్ చర్చిలో, తలుపులన్నీ బిగించి హీటర్లు వేశాక మాత్రం అది పెరిగి పెద్దదై మనిషి పక్కన మరో మనిషి కూర్చున్నట్టుండేది. అందుకని ఎల్ఫేజూ ఆయన భార్య రేజీనూ కూర్చునే బల్లకి ముందు బల్ల ఒకటి, వెనక బల్ల ఒకటి ఎప్పుడూ ఖాళీగా ఉండేవి. ఎవరూ ముక్కు మూసుకునేవారు కాదు. మర్యాదగా రెండు వరుసలు అవతల కూర్చునేవారు, అంతే. రేజీన్‌కి అది తెలుసు. పెళ్ళయిన కొత్తలో ఏడ్చింది, తరవాత పోట్లాడింది, ఆ తరవాత ఆయన కోటునీ బూట్లనీ ఇంటి గడప దాటనివ్వకుండా షెడ్డులోనే పెట్టించింది. అయినా వాసన నడుచుకుంటూ లోపలికి వచ్చేది.

అది బీవర్ కస్తూరి. బీవరంటే చెట్లు కొరికి పడేసి, కర్రలతో మట్టితో వాగుకి అడ్డంగా కట్ట వేసుకుని, ఆ మడుగులో బతికే జంతువు. బీవర్ తన వాగు హద్దుల్లో గుప్పెడు గుప్పెడు మట్టి తెచ్చి చిన్న దిబ్బలు పెట్టి, వాటిమీద ఆ వాసన వదులుతుంది. ఇక్కడ మేమున్నాం, నీ దారిన నువ్వు పో అని పొరుగుబీవర్‌కి అది చెప్పే మాట. ఎల్ఫేజ్ తండ్రి ఒమేర్ ఆ మాటను దొంగిలించడం కొడుక్కి నేర్పాడు. చచ్చిన బీవర్ నుంచి కస్తూరి తిత్తులు తీసి, షెడ్డు వాసాలకి వేలాడదీసి ఎండబెట్టి, నూరి, మరో వాగులో మట్టిదిబ్బ మీద రాస్తే ఆ వాగు యజమాని ఎవడొచ్చాడిక్కడికి అని రోషంగా చూడ్డానికి వస్తుంది. వచ్చే దారిలో ఉచ్చు ఉంటుంది.

ముప్ఫై ఏళ్ళకి పైగా ఊరి తరఫున ఆ పని ఎల్ఫేజ్‌దే. బీవర్లు రోడ్డు కింద తూములో కర్రలూ మట్టీ కుక్కితే నీళ్ళు రోడ్డెక్కుతాయి. అప్పుడు రోడ్ల మేస్త్రీ ఓరిన్ కాల్కిన్స్ ఫోన్ చేస్తాడు. ఎల్ఫేజ్ వెళ్ళి ఉచ్చులు పెడతాడు, వారం తిరిగేసరికి వాగు ఖాళీ అవుతుంది, కట్ట తెగ్గొడతాడు, రోడ్డు ఆరిపోతుంది. తోళ్ళకి ధర ఉన్నన్నాళ్ళు తోళ్ళు అమ్మాడు, ధర పడిపోయాక మాంసం మాత్రం వండుకున్నారు. ఆ పనిమీద ఆయనకి కోపమూ లేదు, జాలీ లేదు. చెయ్యి తిరిగిన పని, చేసేవాడు.

మరి అలాంటి మనిషి చివరికి వాటిని చంపే వైపునుంచి కాపాడే వైపుకి ఎలా వచ్చాడంటే, దానికి ఒడీల్ ఊట కారణం.

ఒడీల్ ఎల్ఫేజ్ అక్క. టానరీ వాగు పాత మిల్లు రోడ్డుని దాటి కిందికి దిగే చోట ఆవిడ పొలం. భర్త లియోపోల్డ్ పోయాక కూడా ఆవుల్ని వదల్లేదు. పచ్చికబయలు వాలులో తాతలనాడు రాళ్ళతో కట్టిన ఊటతొట్టి ఉంది. ఇంటికీ, పాకకీ, ఆవులకీ అదే నీరు. రోడ్డుకి ఎగువన టానరీ వాగులో బీవర్ల మడుగొకటి ఉండేది. ఓరిన్ ఫోన్ చేశాడు, ఎల్ఫేజ్ ఎప్పటిలాగే వెళ్ళి దాన్ని ఖాళీ చేశాడు. మరుసటి వేసవి వానల్లేవు. ఆగస్టుకి ఊట సన్నబడింది, సెప్టెంబరుకి తొట్టిలో రాళ్ళు కనబడ్డాయి. ఆ తొట్టి అడుగు ఎలా ఉంటుందో అంతకుముందు చూసినవాళ్ళు మా ఊళ్ళో లేరు. ఒడీల్ ఫైరింజను వాళ్ళ కుంట నుంచి పాలట్యాంకులో నీళ్ళు మోయించుకుంది. మోయలేక సగం ఆవుల్ని అమ్మేసింది.

ఎల్ఫేజ్ ఒక పొద్దున వాగు వెంట ఎగువకి నడిచి చూశాడు. మడుగున్న చోట గడ్డి మొలిచింది. మధ్యలో వాగు మనిషి లోతు గాడి కోసుకుని, ఎవరో తరుముతున్నట్టు పరిగెత్తి పోతోంది. ఇదివరకు ఆ నీరు మడుగులో కూర్చునేది, నేలలోకి నెమ్మదిగా ఇంకేది, ఇంకింది కింద ఒడీల్ వాలులో పైకి తేలేది. ఇప్పుడు కూర్చునే చోటే లేదు. తిరిగొచ్చి పాకలో అక్క దగ్గర నిలబడి, ఊట ఎండింది నావల్లేననుకుంటా అన్నాడు.

ఒడీల్ పాలు పితకడం ఆపలేదు. "నాకు తెలుసులేరా. నువ్వు కట్ట తెగ్గొట్టిన కొద్దిరోజులకే ధార సన్నబడింది. చెప్తే మాత్రం, చచ్చినవాటిని లేపుకొస్తావా?"

అది ఆయనకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

చచ్చినవి లేవలేదుగానీ కొత్తవి వచ్చాయి. రెండేళ్ళ తరవాత ఒక బీవర్ జంట ఎక్కణ్ణుంచో నడిచొచ్చి సరిగ్గా అదే చోట మకాం పెట్టింది. మడుగు నిండింది. ఆ ఏడు కూడా ఎండలు గట్టిగానే కాశాయి, ఒడీల్ తొట్టి మాత్రం అంచుదాకా ఉంది. ఆవిడ మళ్ళీ రెండు పెయ్యల్ని కొంది. అంతా బాగుందనుకుంటుండగా ఆకులు రాలే కాలంలో బీవర్లు రోడ్డు కింద తూముని బిగించేశాయి, నీళ్ళు పాత మిల్లు రోడ్డెక్కాయి, స్కూలు బస్సు వెనక్కి తిరిగిపోయింది. ఓరిన్ ఫోన్ చేశాడు.

ఎల్ఫేజ్ మొదటిసారి అబద్ధమాడాడు. నడుము పట్టేసిందన్నాడు. ఓరిన్ తూము నోరు చేత్తోనే తవ్వి బస్సుని నడిపించాడు, ఈలోగా మంచు పడి మడుగు గడ్డకట్టింది, మాట వసంతానికి వాయిదా పడింది.

అబద్ధం వినబడేంత దూరంలోనే రేజీన్ కూర్చుని ఉంది. మర్నాడు లైబ్రరీ గోడమీద చూసిన ఒక ప్రకటన గురించి చెప్పింది. బీవర్లను చంపకుండా రోడ్లనీ పొలాలనీ కాపాడే పని నేర్పుతారట, పాడైన చిత్తడినేలల్ని మళ్ళీ నిలబెట్టడం కూడా నేర్పుతారట, చలికాలమంతా కంప్యూటర్‌లో పాఠాలు, వేసవి మొదట్లో వాగుల దగ్గర పని. ఎల్ఫేజ్ నవ్వాడు. ఈ వయసులో బడికా అన్నాడు. రేజీన్ రొట్టెకి పిండి కలుపుతూ, "నడుం పట్టేసినవాడివి ఇంట్లో ఊరికే కూర్చుంటావుగా, కూర్చునేదేదో లైబ్రరీలో కూర్చో. నాకు ఇల్లన్నా గాలాడుతుంది" అంది.

అలా మొదలైంది. లైబ్రరీలో ఆయనకోసం కిటికీ పక్క బల్ల కేటాయించారు, కిటికీ కొంచెం తెరిచే ఉంచేవారు. చదువులో ఆయన ఏమంత చురుకు కాదు. పరీక్షలో మొదటిసారి తప్పాడు కూడా. ప్రశ్న చిన్నదే: కట్ట దగ్గర పని చెయ్యాలంటే ముందుగా ఏం చేస్తారు? చిన్న గండి కొట్టి, అవి పూడ్చడానికి వచ్చే చోటు చూసుకుంటానని రాశాడు. అది ఉచ్చు పెట్టేవాడి జవాబు.

జూన్‌లో వాగుల దగ్గర నేర్పడానికి మారా విట్‌కమ్ అనే అమ్మాయి వచ్చింది. ముప్ఫై దాటి ఉండవు, సన్నటి మనిషి, గొంతు మాత్రం పెద్దది. నేర్చుకోడానికొచ్చినవాళ్ళలో రోడ్ల శాఖవాళ్ళున్నారు, చేపల గురించి చదువుకున్నవాళ్ళున్నారు, పొలంలోకి బీవర్లొచ్చి విసిగిపోయిన ఒక క్రిస్మస్ చెట్ల రైతున్నాడు. ఒక్కొక్కళ్ళూ తామెవరో చెప్పుకుంటూ వచ్చారు. ఎల్ఫేజ్ వంతొచ్చేసరికి, తను ఇన్నాళ్ళూ వాటిని చంపేవాణ్ణని చెప్పి టోపీ సర్దుకున్నాడు.

"అయితే మీకు సగం పాఠం వచ్చినట్టేనండీ" అంది మారా. "వాటిని దగ్గరికి ఎలా రప్పించాలో మీకు తెలుసు. ఇక్కడ నేర్చుకునేది ఎలా రప్పించకూడదో. కోటు అదే, తిరగేసి తొడుక్కోవాలి."

ఆ అమ్మాయి నేర్పింది ఇదీ. బీవర్‌కి పారే నీటి చప్పుడు పడదు. నీరు ఎక్కడ గలగలమంటే అక్కడికి కర్ర మోసుకుపోతుంది. ఎవరో ఒకప్పుడు పారే నీటి చప్పుడుని పెట్టెలో పెట్టి పొడినేల మీద వినిపిస్తే, ఆ పెట్టె మీద కూడా మట్టి కప్పిందట. కాబట్టి దానికి తెలియకుండా నీరు తీసుకుపోవాలి. కట్ట మధ్యనుంచి లావుపాటి గొట్టం ఒకటి వెయ్యాలి. గొట్టం నోరు కట్ట దగ్గర కాదు, దూరంగా మడుగు లోతులో ఉండాలి. దాని చుట్టూ పెద్ద ఇనుప వల పంజరం పెట్టాలి. నీరు నెమ్మదిగా, చప్పుడు లేకుండా లోపలికి జారుకుంటుంది. కట్ట దగ్గర గొట్టం ఎంత ఎత్తులో ఉంటే మడుగు అంతవరకే నిండుతుంది. బీవర్ కట్టమీద ఎంత కట్టుకున్నా నీరు ఇంక పెరగదు. అలాగని మరీ దించేయకూడదు, చలికాలం మంచు కింద వాటి గూటి గుమ్మం నీళ్ళలో మునిగి ఉండాలి. అది బతకాలి, రోడ్డూ బతకాలి.

రెండోరోజు గాడిపడిపోయిన ఒక వాగులో అడ్డంగా గుంజలు దిగ్గొట్టి, మధ్యలో విల్లో కొమ్మలు అల్లించింది. బుట్ట అల్లినట్టే. నీరు ఆ అల్లికకి తగిలి ఆగింది, వెనక్కి పరుచుకుంది. మోకాలి లోతులో నిలబడి ఎల్ఫేజ్ చాలాసేపు దాన్నే చూశాడు. వాగులో నీరు ఆగడం ఆయన చేతుల మీదుగా జరగడం అదే మొదలు.

ఊరికి తిరిగొచ్చి ఊరి వ్యవహారాలు చూసే బోర్డు ముందుకి వెళ్ళాడు. టానరీ వాగు మడుగుకి గొట్టం వేస్తానన్నాడు. బోర్డులో ముగ్గురూ ఓరిన్ వైపు చూశారు. ఓరిన్ చెడ్డవాడు కాదు. నీళ్ళొస్తే పొద్దున్నే అయిదింటికి లేచి తూములో తలదూర్చేది అతనే. గొట్టం కావాలంటే తన షెడ్డులో పడున్నది ఇస్తానన్నాడు, నవంబరులో జింకల వేట మొదలయ్యేదాకా ఆగుతానన్నాడు. ఈలోగా రోడ్డుమీదికి నీళ్ళు వచ్చిపోతే తవ్వుకుంటాడు, కానీ ఆ రోజుకీ గొట్టం పని చెయ్యకపోతే ఉచ్చులు పడాలి. పక్కూళ్ళో ఒక కుర్ర వేటగాడున్నాడు, వాణ్ణి పిలిపిస్తానన్నాడు.

"వాణ్ణెవర్నీ పిలవకు" అన్నాడు ఎల్ఫేజ్. "అదే జరిగితే నేనే పెడతా."

వెనక వరుసలో ఒడీల్ కూర్చుని ఉంది. ఇంటికి వెళ్ళేదారిలో ట్రక్కులో ఆవిడ కిటికీలోంచి బయటికే చూసింది. గేటు దగ్గర దిగుతూ మాత్రం, అలా ఎందుకన్నావని అడిగింది. పరాయివాడు పెడితే అవి నొప్పి పడతాయక్కా, నా చేతిలో అయితే పడవు అన్నాడు. ఒడీల్ తలుపు మెల్లిగా వేసి వెళ్ళిపోయింది.

జులైలో గొట్టం వేశారు, కట్టలోంచి, తూములోంచి, రోడ్డు అవతలిదాకా. రేజీన్ గట్టునుంచి తాడు పట్టుకుంది, ఒడీల్ ట్రాక్టరు తెచ్చింది. నీళ్ళలో పనంతా ఎల్ఫేజ్‌దే. పంజరాన్ని ఇంటి షెడ్డులోనే అల్లుకున్నాడు, ఛాతీదాకా వచ్చే తన పాత రబ్బరు బూట్లు వేసుకుని, మోచేతులు దాటే తన పాత రబ్బరు గ్లౌజులు తొడుక్కుని, దాన్ని చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మడుగు లోతుకి తీసుకెళ్ళి దించాడు. నీరు చప్పుడు లేకుండా లోపలికి జారింది. రోడ్డు అవతల గొట్టం కొస నుంచి నిండుగా దూకింది. సాయంత్రానికి మడుగు జానెడు దిగి అక్కడే నిలబడింది. ముగ్గురూ గట్టుమీద కూర్చుని ఒడీల్ తెచ్చిన బక్‌వీట్ అట్లు మేపుల్ పాకంతో తిన్నారు.

మర్నాడు పొద్దున వెళ్ళి చూస్తే పంజరం నెత్తిన మట్టి ఉంది.

కొంచెమే. ఎల్ఫేజ్ నీళ్ళలోకి దిగి చేత్తో కడిగేశాడు. ఆ మరుసటి పొద్దున ఇంకాస్త ఉంది. కడిగాడు. అది ఇంకా పెరిగింది. ఈ చెయ్యి తుడవడమూ ఆ చెయ్యి పూయడమూ అన్నట్టు వేసవంతా సాగింది. ఆగస్టు ఆఖరుకి మట్టీ, కర్రలూ, కలువ దుంపలూ పంజరం పక్కల్లోకి కూడా దిగి గొట్టానికి ఊపిరాడకుండా చేశాయి. సెప్టెంబరు వానకి నీళ్ళు రోడ్డెక్కాయి.

ఓరిన్ పార తెచ్చుకుని తవ్వాడు. ఒక్క మాట తూలలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం, "ఫేజ్, నీ బీవర్లకి నువ్వంటే బొత్తిగా గిట్టనట్టుందయ్యా" అన్నాడు. హాస్యానికే అన్నాడు. ఆ మాటలో ఎంత నిజముందో అప్పటికి ఇద్దరికీ తెలియదు.

ఎల్ఫేజ్ మారాకి ఫోన్ చేశాడు. ఆ అమ్మాయి అంతదూరం నుంచీ కారు నడుపుకుంటూ వచ్చింది. లోతు కొలిచింది, దూరం కొలిచింది, పంజరం కన్నాల్లో వేలు పెట్టి చూసింది. తనే వేసుంటే ఇంతకన్నా బాగా వేసేదాన్ని కాదంది. అయితే ఎక్కడో చప్పుడు ఉండుండాలి. ఇద్దరూ గట్టుమీద బోర్లా పడుకుని, చెవులు నీటికి ఆనించి విన్నారు. మేత మేస్తున్న ఒడీల్ ఆవులు తలలెత్తి చూశాయి. ఒడీల్ కంచె దగ్గరికొచ్చి, ప్రార్థనైతే మోకాళ్ళమీద చెయ్యొచ్చుగా అంది. ఎంత విన్నా చప్పుడేమీ దొరకలేదు. సరే, ఇంకా లోతుకి మారుద్దామంది మారా. నీళ్ళు చల్లగా ఉన్నాయి, నువ్వు దిగకమ్మా టీచరమ్మా అని చెప్పి ఎల్ఫేజే దిగి పంజరాన్ని ఇంకా లోతుకి జరిపాడు. ఆయన దగ్గర వచ్చే వాసన మారాకి తెలియకపోలేదు. అది మనిషి వాసన అనుకుంది.

రెండో పొద్దుకి మళ్ళీ మట్టి.

అక్టోబరు వచ్చేసింది. మేపుల్ ఆకులు ఎర్రబడి రాలడం మొదలైంది. కొట్టులో మగవాళ్ళు తుపాకుల గురించి మాట్లాడుకుంటున్నారు. ఎల్ఫేజ్ షెడ్డులోకి వెళ్ళి గోడకున్న ఉచ్చులు దించాడు, నూనె రాశాడు, ట్రక్కులో పెట్టాడు. మాటిచ్చాక సిద్ధంగా ఉండాలిగా. రేజీన్ వంటింటి కిటికీలోంచి చూసింది.

మర్నాడు పొద్దువాలుతుండగా ఆయన మడుగు దగ్గరికి ఒక్కడే వెళ్ళాడు. ఏమీ చెయ్యడానికి కాదు. ఉచ్చులు పెట్టాల్సొస్తే ఏ బీవర్ ఎటునుంచి ఈదుతుందో చూసుకోవాలి. గాలికి ఎదురుగా, ఆల్డర్ పొదలో, ముప్ఫై ఏళ్ళ అలవాటుగా చూపు తప్ప ఇంకేమీ కదలకుండా కూర్చున్నాడు.

ముందుగా పెద్దది వచ్చింది. తల ఒక్కటే కనబడేలా, వెనక నీటిగీత గీసుకుంటూ. కట్టవైపు వెళ్ళలేదు. గొట్టం మీద నుంచి ఈదుకుంటూ వెళ్ళింది, దాన్ని కట్టెముక్కనైనా చూసినట్టు చూడలేదు. నేరుగా పంజరం దగ్గరికి పోయి, ముక్కెత్తి, ఇనుపచువ్వలమీద అటు నుంచి ఇటు వాసన చూసింది. బుస్సుమంది. మునిగింది. పైకొచ్చేసరికి రెండు చేతుల మధ్య గడ్డం కింద మట్టిముద్ద పొదివి పట్టుకుని ఉంది. పంజరం మీదికెక్కి ఆ ముద్దని చరిచింది. ఆ తరవాత వెనక్కి తిరిగి, దానిమీద పొట్ట ఆనించి కూర్చుంది.

ఆ కూర్చోవడం ఎల్ఫేజ్‌కి తెలుసు. దాన్ని నమ్ముకునే ఇన్నేళ్ళు బతికాడు. నీరు ఆపడానికి ఏ బీవరూ అలా కూర్చోదు. పరాయివాడి వాసన మీద తన వాసన పెట్టడానికే అలా కూర్చుంటుంది.

ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు. మోచేతులు దాటిన రబ్బరు గ్లౌజులు, మెల్లిగా ముక్కుదాకా తెచ్చాడు. ఏ వాసనా తెలియలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఆ వాసనలోనే ఉన్నవాడికి ఎలా తెలుస్తుంది? కస్తూరి నూరిన గ్లౌజులతో, కస్తూరి వేలాడే షెడ్డులో అల్లిన పంజరం అది. జులై నుంచీ ఈ మడుగు నడిమధ్యన ఎవడో పరాయి బీవర్ వచ్చి ఇల్లు కట్టుకున్నాడని తనే చాటిచ్చాడు. వాళ్ళు మట్టేసి కప్పారు. మర్నాడు పొద్దున్నే తను అదే గ్లౌజులతో కడిగి, నేనింకా పోలేదురోయ్ అని మళ్ళీ రాసొచ్చాడు. ఎంత శ్రద్ధగా కడిగాడో అంత గట్టిగా రాశాడు.

పొదలో కూర్చున్న మనిషికి నవ్వాగలేదు. పెద్ద బీవర్ తోకతో నీటిని ఫట్‌మని చరిచి మునిగిపోయింది.

ఇంటికొచ్చి వాకిట్లోనే నిలబడి భార్యని పిలిచాడు. "రేజీన్, నా దగ్గర వాసనొస్తుందా?"

రేజీన్ చేతిలో గిన్నె పక్కన పెట్టింది. "ముప్ఫై నాలుగేళ్ళు ఆగావు ఈ మాట అడగడానికి" అంది.

ఆ వారం ఆవిడ రాజ్యం. గ్లౌజులూ బూట్లూ కోటూ మూటగట్టి షెడ్డులో పారేయించింది. పంజరాన్ని బయటికి లాగి ఆకుల మంట మీద కాల్చి, బూడిదతో తోమి, వెనిగర్‌తో కడిగి, మళ్ళీ తోమింది. ఆయన్ని కూడా దాదాపు అలాగే చేసింది. నీళ్ళలోకి దిగడానికి బూట్లెక్కణ్ణుంచి వస్తాయంటే ఒడీల్ పాక అటకమీది నుంచి లియోపోల్డ్ బూట్లు తీసి ఇచ్చింది. పేడకంపు కొడుతున్నాయవి. మడుగు అంచున ఆవులు రోజూ నీళ్ళు తాగుతాయి, ఆ వాసనకి బీవర్లు ఎప్పుడో అలవాటుపడ్డాయి. చచ్చినవాడి బూట్లలో బావమరిది నడుచుకుంటూ మడుగులోకి వెళ్తుంటే ఒడీల్ కళ్ళు తుడుచుకుంది. కొంచెం కుడికి, లియోపోల్డ్ ఎప్పుడూ కుడికే వెళ్ళేవాడు అని గట్టునుంచి దారి చెప్పింది.

మారాకి ఫోన్‌లో చెప్పాడు. ఇది నా పాఠాల్లో లేదండీ, వచ్చే ఏటికి ఉంటుంది అంది.

మర్నాడు మట్టి లేదు. ఆ మర్నాడూ లేదు. ఆదివారం చర్చిలో ఒక చిన్న తమాషా జరిగింది. కాల్కిన్స్ వాళ్ళ ముసలావిడ, ఓరిన్ తల్లి, చూపు సరిగా ఆనదు, నేరుగా వచ్చి రాన్‌కూర్ వాళ్ళ పక్కన కూర్చుంది. ప్రార్థన సగమయ్యాక పక్కకి తిరిగి, ఈ బల్లవాళ్ళు ఇవాళ రాలేదేమని గుసగుసగా ఎల్ఫేజ్‌నే అడిగింది. రేజీన్ నవ్వు ఆపుకోలేక పాటలపుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుంది.

అయినా అసలు పరీక్ష ఇంకా ఉంది. నిక్కమైన వాన పడితే తప్ప గొట్టం సంగతి తేలదు. జింకల వేట ఇంక రెండురోజుల్లో మొదలవుతుందనగా అది వచ్చింది. రాత్రంతా కుండపోత. తెల్లవారుతూనే ఎల్ఫేజ్ పాత మిల్లు రోడ్డుమీదికి వచ్చేసరికి ఓరిన్ అప్పటికే ట్రక్కు దీపాలు వేసుకుని తూముపైన నిలబడి ఉన్నాడు. పక్కకెళ్ళి నిలబడ్డాడు.

"ఉచ్చులు ట్రక్కులో ఉన్నాయా?" అడిగాడు ఓరిన్.

"ఉన్నాయి."

ఇద్దరూ వెలుతురు కోసం నిలబడ్డారు. ముందు చప్పుడు తెలిసింది. రోడ్డు అవతల గొట్టం కొసనుంచి నీరు నిండుగా, ఒకే లావున దూకుతోంది. తరవాత మడుగు కనబడింది. గట్టుదాకా నిండి, రోడ్డుకి అరచెయ్యి కిందుగా ఆగిపోయింది. వాన పడుతూనే ఉంది, నీరు పెరగడం లేదు. పంజరం పైచువ్వలు నీటిపైన తేటగా, కడిగినట్టు ఉన్నాయి. కట్టమీద మాత్రం బీవర్లు రాత్రి పెట్టుకున్న కొత్త కర్రలు తెల్లగా మెరుస్తున్నాయి. వాటి పని అవి చేసుకున్నాయి.

ఓరిన్ చాలాసేపు చూశాడు. టోపీమీది నీళ్ళు దులుపుకున్నాడు. "బస్సు డ్రైవరుకి చెప్తా, ఈ దారినే రమ్మని" అని ట్రక్కెక్కాడు.

మరుసటి వేసవి ఎండలకి ఒడీల్ తొట్టి అంచుదాకా ఉంది. ఆవిడ ఆ సంగతి నోటితో ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు తగరపు చెంబుతో నీళ్ళు ముంచి, రోడ్డు దాటి మడుగు గట్టుమీదున్న తమ్ముడి దగ్గరికి తెచ్చి చేతికిచ్చింది. తాగి చెంబు తిరిగిచ్చాడు. అంతే.

ఆ తరవాత ఎల్ఫేజ్ చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లోనూ గొట్టాలు వేశాడు. ప్రతి జూన్‌లోనూ మారా తన శిష్యుల్ని టానరీ వాగుకి తీసుకొచ్చేది. ఒడీల్ పొలం దిగువన గాడిపడిన వాగులో గుంజలు దిగ్గొట్టి విల్లో అల్లించేవారు. రెండేళ్ళకి బీవర్లు ఆ అల్లికని తమ సొంతం చేసుకుని మిగతాది కట్టేసుకున్నాయి. ఇప్పుడక్కడ కూడా మడుగుంది, కొంగలు దిగుతాయి. కొత్తగా నేర్చుకోడానికి వచ్చినవాళ్ళకి ఎల్ఫేజ్ చెప్పే మొదటి పాఠం ఒకటే ఉండేది. అందర్నీ వరుసగా నిలబెట్టి, వాళ్ళ గ్లౌజులు ఒక్కొక్కటీ రేజీన్ చేతికిచ్చేవాడు. నా ముక్కు ఎప్పుడో పోయింది, ఈవిడది మాత్రం నిఖార్సైన ముక్కు, నన్ను భరించి పదునెక్కింది అనేవాడు. అందరూ నవ్వేవారు.

చలికాలం చివర, మేపుల్ చెట్లకి రసం దిగే రోజుల్లో ఆయన పోయాడు, మూడేళ్ళయింది. చర్చిలో ఆ రోజు అన్ని బల్లలూ నిండాయి.

రేజీన్ ఇప్పటికీ జూన్‌లో వాగు దగ్గరికి వెళ్తుంది. మారా పిలవకపోయినా వెళ్ళేదే. పోయిన ఏడు మేన్ రాష్ట్రం నుంచి ఒక వేటగాడొచ్చాడు, యాభై దాటినవాడు, తలొంచుకుని వరుస చివర నిలబడ్డాడు. అతని గ్లౌజులు ముక్కుదాకా తెచ్చుకుని ఆవిడ అలాగే ఉండిపోయింది. వరుసలో వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మారా మాత్రం వాగుకేసి తిరిగి నిలబడింది. కాసేపటికి రేజీన్ ఆ గ్లౌజుల్ని జాగ్రత్తగా మడిచి అతని చేతికిచ్చింది.

"ఇవి ట్రక్కులో పెట్టి రా నాయనా" అంది. "ఒడీల్ పాకలో వేరేవి ఉన్నాయి, చూపిస్తా పద."